ఎన్నికల వ్యయమునకుఁ గర్త యెవఁడు?

ఎన్నికలలో నభ్యర్థి యెంత ధనము వెచ్చింపవచ్చు నను విషయమునఁ బుట్టిన శాసనములు పైపైఁ జూచువారి కంకెల పట్టికలవలెఁ గానవచ్చును. ఇంత నియోజకవర్గమున కింత మొత్తము, ఇన్ని దినములలో లెక్క, లెక్క యీయనివాని కిన్ని యేండ్లు నిషేధము, ఇంతియే వాని సారమని తోఁచును. కాని యీ శాసనముల చరిత్రమును మొదటినుండి పరిశీలించినచో, అంకెలను గూర్చిన వివాద మల్పముగను, ఆ వ్యయము చేసినవాఁ డెవఁ డను వివాద మధికముగను ఉండుట స్పష్టమగును. పరిమితి యెంతయో న్యాయస్థానము వెదకి తెలిసికొన నక్కఱలేదు. అది నిబంధనలలోనే యున్నది. ఒక సభకు, ఒక కరపత్రమునకు, ఒక బండికి నైన ఖర్చును ఎవరి పద్దున వ్రాయవలె నను నదియే ప్రశ్నము. వైయాకరణుల మాటలోఁ జెప్పవలె ననిన, ఇది సంఖ్యావివాదము గాదు, కారకవివాదము.

పాణిని క్రియయందు స్వతంత్రుఁడైనవానిని గర్త యని నిర్వచించి, ఆ వెంటనే యాతనిఁ బ్రేరేపించువానికిఁ గూడ హేతు వను పేరును, కర్తృసంజ్ఞను గలిగించెను. తెలుఁగున నీ భేదము క్రియారూపమునందే తెలియును: చేయుట యొకటి, చేయించుట యొకటి. మన నుడికారము మూఁడవ మెట్టును గూడ నెఱుఁగును, అది చేయనిచ్చుట. తాను బూనుకొనక, ఒరులఁ బురికొల్పక, తన మేలుకై యొరులు చేయుచుండఁ జూచి యూరకుండుట దాని యర్థము. ధర్మసూత్రకారులలో నాపస్తంబుఁడు చేయించువాఁడు, సమ్మతించువాఁడు, చేయువాఁడు అను మువ్వురును గర్మఫలమున భాగస్వాములే యని చెప్పి, ఎవఁ డధికముగాఁ బూనుకొనునో వానికి ఫల మధిక మని చేర్చెను. ఎన్నికల వ్యయశాసనములు చేయువానిని, చేయించువానిని సులభముగనే పట్టుకొన్నవి. సమ్మతించువానిఁ బట్టుకొనుటయా, విడుచుటయా యనునదియే వాని చరిత్రలో ముఖ్యకథ.

ఈ శాసనములకుఁ బుట్టినిల్లు ఇంగ్లండు. అచ్చటి పార్లమెంటు 1696లోఁ జేసిన శాసన మొకటి, ఎన్నికకు రాజాజ్ఞ వెలువడిన పిమ్మట అభ్యర్థి తానుగాని, తన ఖర్చుమీఁద నితరులుగాని ఓటుదారులకు ధనము, అన్నపానములు, కానుకలు ఇచ్చుటను నిషేధించి, అట్లిచ్చి గెలిచినవాఁడు సభ్యత్వమున కనర్హుఁ డని విధించెను. చేయువాఁడును, చేయించువాఁడును అప్పుడే చిక్కిరి. కాని న్యాయమైన వ్యయమునకు మితి యేదియు నేర్పడలేదు. ఓటుదారులను దూరగ్రామములనుండి బండ్లలోఁ దెచ్చుటకు, వాద్యములకు, జెండాలకు ఎంత వెచ్చించినను అడుగువాఁడు లేఁడు. 1807లో యార్కుషైరు నియోజకవర్గమునఁ బదునైదు దినములు సాగిన యెన్నికలో విల్బర్‌ఫోర్సు, లార్డు మిల్టను, లాసెల్సు అను మువ్వురు పోటీపడిరి. మహాధనిక కుటుంబములకుఁ జెందిన తక్కిన యిద్దఱును గలిసి రెండు లక్షల పౌనుల ప్రాంతమున వ్యయపఱచి రని ప్రసిద్ధి. విల్బర్‌ఫోర్సు పక్షమున నైన వ్యయము దాదాపు 28,000 పౌనులు. అదియు మిత్రుల చందాలవలన వచ్చినది. బానిసల వర్తకమును మాన్పిన శాసనము ఆ యేఁటనే నెగ్గుటకు ముఖ్యుఁడైనవాఁడు సైతము చందాలు లేక నిలువఁజాలని స్థితి యది. ఇతరులు పెట్టిన ధనముతో నెన్నిక నడచుట ఈ కాలమునఁ బుట్టిన వింత గా దనుటకు నిది నిదర్శనము.

1854 నాఁటి శాసనము లంచమునకును, విందులకును, అక్రమమైన యొత్తిడికిని లక్షణములు చెప్పి, ఎన్నికల లెక్కలు చూచుటకుఁ బరీక్షకులను నియమింపవలె నని విధించెను. పరీక్షకుఁడు తన చేతికి వచ్చిన పద్దులనే చూడఁగలిగెను. రానివాని మాట యాతఁ డెఱుఁగఁడు. 1863లో నా యుద్యోగమే తీసివేయఁబడెను. 1868లో ఎన్నికల వివాదముల విచారణ కామన్సుసభ చేతినుండి న్యాయాధిపతుల చేతికి మాఱెను. అయినను 1880 నాఁటి సాధారణ ఎన్నికలో అభ్యర్థులు తాము చూపిన లెక్కల చొప్పుననే పదునేడు లక్షల పౌనులకు మించి వెచ్చించిరి. అప్పుడు గ్లాడ్‌స్టను ప్రభుత్వమున అటార్నీ జనరలుగా నున్న సర్ హెన్రీ జేమ్సు పూనికచే 1883 నాఁటి ప్రసిద్ధ శాసనము వెలువడెను.

ఆ శాసనము చేసిన మొదటి పని మితిని గట్టుట. పట్టణ నియోజకవర్గమున రెండువేల ఓటుదారుల వఱకు 350 పౌనులు. అంతకు మించినచో 380 పౌనులు, ఆపైఁ బ్రతి వేయిమందికి 30 పౌనులు. పల్లెసీమల నియోజకవర్గములకు వేఱుగా నింతకన్న నెక్కువ మొత్తము లేర్పడెను. రెండవ పని యింతకన్న గొప్పది. అభ్యర్థి యొక యెన్నికల ఏజెంటును నియమింపవలెను. అల్పమైన స్వంతఖర్చులు దక్కఁ దక్కిన చెల్లింపు లన్నియు నాతని చేతిమీఁదుగనే జరుగవలెను. నలువది షిల్లింగులకు మించిన ప్రతి చెల్లింపునకు రసీదు చూపవలెను. బండ్ల బాడుగలు, వాద్యములు, జెండాలు, రిబ్బను గుర్తులు నిషేధింపఁబడినవి. ఇంటికిఁ బెక్కు వాకిళ్లున్నప్పుడు కావలి వ్యర్థము. వాకిలి యొక్కటియే యైనప్పుడు కావలివాఁ డొక్కఁడు చాలును. 1884 నాఁటి సంస్కరణముచే ఓటుదారుల సంఖ్య మిక్కిలి పెరిఁగినను, 1885 ఎన్నికలో అభ్యర్థులు చూపిన వ్యయము పది లక్షల పౌనుల పైచిల్లరకు దిగెను.

అయినను శాసనమునకు వెలుపల నొక దారి మిగిలెను. అభ్యర్థికిఁ జెందనట్లుగా నుండు సంఘములు తమ ధనముతో సభలు నడపి, కరపత్రములు పంచి యాతని గెలుపునకుఁ దోడ్పడుచుండెను. ఆ వ్యయమును జేసినవాఁ డభ్యర్థి కాఁడు, చేయించినవాఁడును గాఁడు. 1918 నాఁటి ప్రజాప్రాతినిధ్య శాసనము ఈ దారినిఁ గూడ మూసెను. ఏజెంటు వ్రాఁతపూర్వకముగా ననుమతింపనిదే యితరు లెవ్వరును ఒక యభ్యర్థి గెలుపునకై సభలమీఁదఁ గాని, ప్రకటనలమీఁదఁ గాని ధనము వెచ్చించుట నేర మయ్యెను. అనుమతి యిచ్చినచో నా మొత్త మభ్యర్థి లెక్కలోఁ జేరును. ఈయనిచో వెచ్చించినవాఁడు దండ్యుఁడు. లోకజ్ఞులు ఉభయతఃపాశ మను రజ్జువు ఇదియే.

ఈ త్రాడే రెండేండ్లకు భారతదేశమునకు వచ్చెను. 1919 నాఁటి రాజ్యాంగసంస్కరణముల ననుసరించి 1920లో శాసనసభల కెన్నికలు జరుగవలసి యుండఁగా, ఆ యేఁటి 39వ శాసనముచే భారత శిక్షాస్మృతిలో ఎన్నికల నేరముల యధ్యాయము చేర్పఁబడెను. అందు 171-హెచ్ అను సెక్షను, అభ్యర్థి వ్రాసి యిచ్చిన యధికారము లేక ఆతని గెలుపునకై సభకుఁ గాని, ప్రకటనకుఁ గాని, మఱి యే విధమునఁ గాని వెచ్చించువానికి 500 రూపాయల వఱకు జుల్మానా విధించెను. పది రూపాయలకు మించని ఖర్చునకు మాత్రము, పది దినములలో నభ్యర్థి యామోదమును వ్రాఁతమూలమునఁ బొందినచో దోషము లేదు. 2024 జూలై 1వ తేదీనుండి శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత యమలునకు వచ్చినప్పుడు జుల్మానా పదివేల రూపాయల వఱకుఁ బెరిఁగినది. పది రూపాయల మినహాయింపు మాత్రము 1920 నాఁటి వలెనే నిలిచినది.

స్వతంత్ర భారతమునఁ బ్రజాప్రాతినిధ్య శాసనము 1951లో వచ్చెను. దాని 77వ సెక్షను అభ్యర్థిగాని, ఆతని ఎన్నికల ఏజెంటుగాని చేసిన లేక చేయుట కధికార మిచ్చిన వ్యయమున కంతకును వేఱుగా, సరిగా లెక్క వ్రాయవలె ననియు, ఆ మొత్తము నిర్ణీతపరిమితిని దాఁటఁగూడ దనియుఁ జెప్పుచున్నది. పరిమితిని దాఁటుట 123వ సెక్షను చొప్పున అవినీతిచర్య. ఋజువైనచో నెన్నిక రద్దగును. మొదటి సాధారణ ఎన్నికలలో లోకసభ యభ్యర్థికి సాధారణముగాఁ బెట్టిన పరిమితి 25,000 రూపాయలు. ఈ సెక్షనులో రెండు క్రియలున్నవి: చేయుట, అధికార మిచ్చుట. అధికార మిచ్చుట యనఁగాఁ జేయించుట మాత్రమేనా, చేయనిచ్చుట కూడనా యను సంశయము మూలములోనే యున్నది.

ఆ సంశయము 1954లోనే సుప్రీముకోర్టు ముందునకు వచ్చెను. ఉత్తరప్రదేశములోని అమేఠీ సంస్థానపు యజమాని కుమారుఁడు శాసనసభకు నిలిచి గెలిచెను. ఆ సంస్థానపు మేనేజరు, జిలేదారులు, బంట్రోతులు మొదలగువారు ఆతని కొఱకుఁ బనిచేసిరి. వారి జీతము లభ్యర్థి లెక్కలోఁ జేర్పవలె నని ప్రతిపక్షి వాదించెను. ఆ యుద్యోగులు తండ్రి సేవకులు. వారికి జీత మిచ్చువాఁడు తండ్రి. కుమారుని విషయమున వారు స్వచ్ఛందముగాఁ దోడ్పడినవారే యగుదురు గాన నా జీత మాతని వ్యయము గా దని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ధనికుఁడైన తండ్రి గలవానికిని, లేనివానికిని దీనిచే నసమానత కలుగు ననిన, అది శాసనకర్తలు చూడవలసిన విషయ మని తేల్చెను. పదముల యర్థమును బట్టి యా తీర్పు నిర్దుష్టమే. కాని ఫలము కుమారునకును, వ్యయము తండ్రికిని విడిపోయినవి.

ఇరువదియేండ్లకు తండ్రి స్థానమున రాజకీయపక్షము నిలిచెను. 1971లో ఢిల్లీ సదరు నియోజకవర్గమున జరిగిన లోకసభ యెన్నికను గూర్చి కన్వర్‌లాల్ గుప్త, అమర్‌నాథ్ చావ్లాల నడుమ నడచిన వ్యాజ్యమున 1974 అక్టోబరు 3వ తేదీని సుప్రీముకోర్టు తీర్పు వెలువడెను. దానిని వ్రాసినవారు జస్టిస్ పి. ఎన్. భగవతి. పక్షము తన సిద్ధాంతములను సామాన్యముగాఁ జాటుటకుఁ జేసిన వ్యయము వేఱు, ఒక యభ్యర్థి గెలుపునకే చేసిన వ్యయము వేఱు. ఈ రెండవదానిని దెలిసి యభ్యర్థి యుపయోగించుకొన్నను, అందుఁ బాల్గొన్నను, కాదనక యూరకున్నను, ఆతఁడు మౌనముగా నధికార మిచ్చినట్లే యని యా తీర్పు. ధనబలము గలవాఁడును లేనివాఁడును సమముగా ఓటుదారుని ముందు నిలువవలె ననుటయే పరిమితికిఁ బ్రయోజన మని యందు వివరింపఁబడెను. ఆ యెన్నిక రద్దయ్యెను. చేయనిచ్చినవాఁడు కర్తలలోఁ జేరిన దిన మది.

ఆ స్థితి పదునాఱు దినములే నిలిచెను. అక్టోబరు 19వ తేదీని ఆర్డినెన్సు వెలువడెను. డిసెంబరులో నది శాసన మయ్యెను. 77వ సెక్షనునకుఁ జేర్చిన వివరణము, ఏ న్యాయస్థానపుఁ దీర్పు నెట్లున్నను, రాజకీయపక్షముగాని, సంఘముగాని, అభ్యర్థియు నాతని ఏజెంటును గాని వ్యక్తిగాని చేసిన వ్యయ మభ్యర్థి చేసినట్లుగను, చేయ నధికార మిచ్చినట్లుగను భావింపఁగూడ దని శాసించెను. ఈ మార్పునకుఁ బూర్వపక్షము లేకపోలేదు. అభ్యర్థి యెఱుఁగని వ్యయమునకు వానిని బాధ్యునిఁ జేయుట యన్యాయము; శత్రువే కపటముగా నాతని పేర వెచ్చించి యెన్నికను జెఱుపవచ్చును; పక్షపు కేంద్రకార్యాలయమున నేమి జరుగునో గ్రామగ్రామము దిరుగు నభ్యర్థి యెట్లెఱుఁగును? ఇవి త్రోసిపుచ్చఁదగిన మాటలు గావు. కాని తీర్పులోఁ జెప్పినది తెలిసి యనుభవించినవానిని గూర్చి. తెలియనివానిని గూర్చి గాదు. కపటవ్యయ మొనర్చు శత్రువునకు 171-హెచ్ సెక్షను మందు. వివరణము పిమ్మట మాత్రము త్రాటికి రెండు ముళ్లును సడలినవి: అభ్యర్థి గెలుపునకైన పక్షపు వ్యయ మాతని లెక్కలోఁ జేరదు, వ్రాఁతపూర్వకమైన యధికార మడుగువాఁడును లేఁడు.

1975లో రాయబరేలీ యెన్నికను గూర్చిన ప్రసిద్ధ వ్యాజ్యమునను ఈ ప్రశ్నము వచ్చెను. అలహాబాదు హైకోర్టు ఆ యెన్నికను వేఱు కారణములచే రద్దుచేసినను, 35,000 రూపాయల పరిమితిని దాఁటి రను నారోపణము ఋజువు కాలే దనెను. ఆ యేఁటనే మఱియొక సవరణముచే లెక్క యారంభము నోటిఫికేషను దినమునుండి నామినేషను దినమునకు జరిగెను; అంతకు ముందటి వ్యయము లెక్కకు రాదు. నవంబరులో సుప్రీముకోర్టు ఈ సవరణములు చెల్లు ననెను. 1985లో వివరణముమీఁద వచ్చిన మఱియొక యభియోగమును గొట్టివేయఁబడెను. శాసనము చెల్లును, కాని చెల్లిన శాసన మెల్ల తన ప్రయోజనమును నెఱవేర్చు ననుటకు లేదు.

మరలుపు 1996 ఏప్రిలు 4వ తేదీని వచ్చెను. కామన్‌కాజ్ అను సంస్థ తెచ్చిన వ్యాజ్యమున, ఆదాయపు పన్ను శాసనము చొప్పున లెక్కలు వ్రాసి, తనిఖీ చేయించి, సమర్పింపని పక్షమునకు ఆ వివరణపు రక్షణ లేదనియు, అట్టి పక్షపు వ్యయ మభ్యర్థిదే యని యూహింపవలయు ననియు సుప్రీముకోర్టు చెప్పెను. 2003లోఁ బార్లమెంటే పాతవివరణమును దీసివేసి క్రొత్తది వ్రాసెను. దాని చొప్పున మినహాయింపు గలది పక్షనాయకుల ప్రయాణవ్యయమునకు మాత్రమే. ఆ నాయకులు గుర్తింపుగల పక్షమునకు నలువదిమందికి మించరాదు, గుర్తింపులేని నమోదైన పక్షమున కిరువదిమందికి మించరాదు. నాయకుని సభలో నభ్యర్థి వేదిక నెక్కినను, ఆతని పేరుగాని, పటముగాని కానవచ్చినను, ప్రయాణము దక్కఁ దక్కిన ఖర్చు లాతని పద్దునకు రావలె నని యెన్నికల సంఘపు సూచన. వేదిక నెక్కుట సమ్మతికిఁ జిహ్న మను నీ యూహలో 1974 నాఁటి తీర్పు నీడ కానవచ్చుచున్నది.

కర్త నిర్ణయింపఁబడినను, లెక్క సత్యము గానిచో నంతయు వ్యర్థము. ఈ విషయమున దక్షిణాపథమునకుఁ బ్రాచీనమైన ప్రమాణ మొకటి గలదు. కాంచీపుర ప్రాంతమున నుత్తరమేరూరులోఁ జోళరాజు మొదటి పరాంతకుని కాలమున, 919, 921 సంవత్సరములలో వ్రాయఁబడిన శాసనములయందు గ్రామసభా సంఘముల కెన్నిక జరుగు విధానము చెప్పఁబడినది. పేరులు వ్రాసిన యాకులను గుండలో వేసి యొక బాలునిచేఁ దీయించుట యా పద్ధతి. అందుచే నభ్యర్థికి వ్యయ మను మాటయే లేదు. కాని లోఁగడ సంఘమున నుండి లెక్క లప్పగింపనివాఁడును, వాని బంధువులును గుండలోఁ బేరు వేయుట కనర్హు లని యందు స్పష్టముగా నున్నది. నేఁటి శాసనమున 78వ సెక్షను ఫలితము వెలువడిన ముప్పది దినములలో లెక్క సమర్పింపవలె నని చెప్పును. 10-ఏ సెక్షను సరియైన కారణము లేక సమర్పింపనివానిని మూఁడేండ్లు అనర్హునిగాఁ జేయును. లెక్క తప్పుగా వ్రాయుట మాత్రమే యవినీతిచర్య గా దనియు, పరిమితిని దాఁటుటయే యట్టి దనియు 1998లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. అయినను, సమర్పించిన లెక్క నిజమైనదా కాదా యని విచారించు నధికార మెన్నికల సంఘమునకుఁ గల దని 2014లో నా న్యాయస్థానమే నిర్ణయించెను.

ఇంతలో నంకెలు పెరిఁగినవి. లోకసభ యభ్యర్థికిఁ బెద్ద రాష్ట్రములలో 2003లో 25 లక్షలు, 2011లో 40 లక్షలు, 2014లో 70 లక్షలు, 2022లో 95 లక్షల రూపాయలు పరిమితి యయ్యెను. ఆంధ్రప్రదేశ, తెలంగాణములలో 2022 సవరణము చొప్పున లోకసభకు 95 లక్షలు, శాసనసభకు 40 లక్షలు. కాని యీ పరిమితు లన్నియు నభ్యర్థికే. పక్షము తన సామాన్యప్రచారమునకు వెచ్చించు ధనమునకు భారతశాసనమున మితి లేదు. ఎన్నిక ముగిసిన పిమ్మట నా లెక్కను సంఘమునకు సమర్పించుట మాత్రము విధి. ఇంగ్లండులో నీ కొఱతను 2000 సంవత్సరపు శాసనముచే సవరించి, పక్షము పోటీచేయు నొక్కొక్క నియోజకవర్గమునకు 30,000 పౌనుల లెక్కన పక్షమునకే పరిమితిఁ బెట్టిరి. 2023లో నా మొత్తము పెంపఁబడెను.

మూఁడు శతాబ్దులకు మించిన యీ చరిత్రమువలనఁ దేలు నర్థ మొక్కటి. పరిమితి యెంత తక్కువగాఁ బెట్టినను, ఎంత హెచ్చుగాఁ బెట్టినను, కర్తను దప్పించుకొననిచ్చినచో నది యొక్కనినే కట్టివేయును. తనకై వెచ్చించువారు వేఱెవ్వరును లేనివానిని. తండ్రి సంస్థానముగాని, పక్షపు కోశముగాని యండగా నున్నవానికి నది యలంకారమాత్రము. కావున బీదవాఁడైన యోగ్యునకు రక్షగాఁ బుట్టిన శాసనము వానికే సంకెలగుట సంభవించును. 1974లో న్యాయస్థానము సమ్మతించువానిని గర్తగా గ్రహించెను; 2003లోఁ బార్లమెంటు ఆ మాటను సగమునకుఁ బైఁగా నంగీకరించెను. మిగిలినది, నేఁడెల్లరికన్న నధికముగాఁ బూనుకొనుచున్న పక్షమును స్వతంత్రకర్తగా గ్రహించి, దానికిని మితిని గట్టుట. అధికముగాఁ బూనుకొన్నవానికి ఫల మధిక మను నాపస్తంబుని మాటలో, ఫలముతో పాటు బాధ్యతయు నధిక మను నర్థ మిమిడియే యున్నది.